లెక్కలో విడిచిన పద్దు



పనిని ఇంటనుండి చేయుట మేలా, కచేరికి పోయి చేయుట మేలా? 2020వ సంవత్సరము మార్చి నెలలో దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, బెంగుళూరు, హైదరాబాదు నగరములలో కంప్యూటరు ఉద్యోగములు చేయు మన పిల్లలు అనేకులు తుగ్గలి చుట్టుపట్ల పల్లెలకు వచ్చి చేరిరి. వేరుసెనగ మూటలుంచు గదిలో బల్ల వేసికొని నగరపు పనిని ఇక్కడనుండియే చేసిరి. తరువాత కొందరు యజమానులు వారిని తిరిగి పిలిచిరి. కొందరు వారమునకు రెండు మూడు దినములు వచ్చిన చాలుననిరి. నాటినుండి పిల్లలు ఇంటి అద్దెను, ప్రయాణపు ఖర్చును, పోయిన నిద్రను లెక్కవేసి వాదించుచున్నారు. వారి లెక్క తప్పని నేననను. దానిలో ఒక పద్దు విడిచిపోయినదని మాత్రము చెప్పెదను.

ఆ పద్దు ఏదో తెలియవలెనంటే ఎమ్మిగనూరు పోవలెను. అక్కడ ఇంటనుండి పనిచేయుట క్రొత్త సంగతి కాదు. గుంటమగ్గము ఇంటిలోనే యుండును. నేతగాడు గుంటలో కాళ్లుంచి త్రొక్కుచు నాడెను ఆడించును. అయితే ఆ నాడెలోని కండె తనంతట తాను చుట్టుకొనదు. భార్యయో తల్లియో రాట్నము త్రిప్పి చుట్టవలెను. తెగిన పోగులను అతుకవలెను. పడుగునకు గంజి పెట్టి వీథిలో సాచినప్పుడు ఇంటిల్లిపాదియు చేయి వేయవలెను. బట్ట మగ్గమునుండి దిగి లెక్కకు వచ్చినప్పుడో, కూలి పుస్తకములో వ్రాయబడునది తరచుగా ఒక్క పేరే. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనలో దేశపు నేతపనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలని తేలినది. (ఈశాన్య రాష్ట్రముల మగ్గములు ఇందులో ఎక్కువ, ఆ సంగతి మరువరాదు.)

కొరింథులో పౌలు అకుల ప్రిస్కిల్లల ఇంట బసచేసి వారితోకూడ డేరాలపని చేసెను గదా. అదియు ఇంటిపనియే. ఆ కాలమున భర్త పేరు మాత్రమే వ్రాసియున్నను ఆక్షేపించువారుండరు. అయినను ఇద్దరి పేర్లును వ్రాయబడెను. కొన్నిచోట్ల ఆమె పేరే ముందున్నది.

ఒక సోదరుడు నాతో వాదించెను: “అయ్యగారూ, ఇంట్లోవాళ్లు ఇంట్లోవాళ్లకు చేసే సాయానికి కూడా లెక్కేనా? లెక్కలొచ్చిన ఇంట్లో ప్రేమ ఉంటాదా?” ఇది త్రోసివేయదగిన మాట కాదు. తల్లి వండిన అన్నమునకు వెలకట్టువాడు తల్లిని ఎరుగనివాడు. అయితే నేనడుగునది కూలి కాదు, విశ్రాంతి. లెక్కలోనికి వచ్చిన పనికి ముగింపు ఉండును. లెక్కలోనికి రాని పనికి “ఇక చాలు” అని ఎవరును చెప్పరు. అది మొదలైనదనియే ఎవరును చూడలేదు. సాయంకాలము నేతగాడు గుంటలోనుండి లేచి అరుగుమీద కూర్చుండును. మరునాటికి కండెలు చుట్టు చేయి ఆ వేళ రాట్నము త్రిప్పుచుండును. కొన్ని ఇండ్లలో అది బడిపుస్తకము పట్టవలసిన ఆడుపిల్ల చేయి. తండ్రి క్రూరుడు కాడు. ప్రేమతోనే పిలిచెను, ఆమెయు ప్రేమతోనే వచ్చెను. అందువలననే దానిని అన్యాయమని పిలుచుట ఇంత కష్టము.

కార్ఖానాకు గోడలును వేళలును ఉండును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము పెద్దవారి పనిని వారమునకు 48 గంటలకు పరిమితము చేసి, 14 ఏండ్లు నిండని బిడ్డను పనిలోనికి రానీయలేదు. ఇంటి గడప యొద్ద చట్టము తటపటాయించును. బాలకార్మిక చట్టమునకు 2016లో చేసిన సవరణ, ప్రమాదకరము కాని కుటుంబపు పనిలో బడి విడిచిన తరువాతను సెలవులలోను బిడ్డ సహాయపడవచ్చునని అనుమతించినది. బడి విడిచిన తరువాత ఎంతసేపు? ఆ గడియారము తండ్రి చేతిలోనున్నది. ఇంటివద్ద కూలికి పనిచేయువారి నిమిత్తము అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను చేసినది. మన దేశము దానిని ఆమోదింపలేదు.

అట్లయిన మగ్గములన్నిటిని ఇండ్లనుండి పెరికి షెడ్డులలో పెట్టవలెనా? నేనట్లనను. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. ఒంటరి నేతగాడు, నూలిచ్చు షావుకారు చెప్పినదే కూలి యనుకొనును. ప్రక్క వీథివానికి ఎంత ముట్టుచున్నదో అతనికి తెలియదు. కచేరిలోనైతే ప్రక్కబల్లవానిని అడిగి తెలిసికొనవచ్చును. సహకార పద్ధతిలో నూలు ఒక్కచోట తీసికొందురు, బట్ట ఒక్కచోట అప్పగింతురు, రేటు పదిమంది యెదుట ఉండును. మనిషి ఇంటనే యుండును, లెక్క మాత్రము వెలుగులోనికి వచ్చును. ఆ సంఘమునకు పూర్వపు వైభవము నేడు లేదు గాని, ఆ ఉపాయము పాతబడలేదు.

ఇంటిపనిని తేలికగా నిందించుటకు ఈ సీమలో నోరు రాదు. వానలు తప్పిన యేట కోసిగి, ఆదోని, తుగ్గలి వైపు పల్లెలనుండి కుటుంబములు సుగ్గికని బయలుదేరి, మిరపకోతలకు, పత్తితీతకు గుంటూరు ప్రాంతమునకు పోవుట మీరెరుగుదురు. ఇంటికి తాళము పడును, బిడ్డ చదువు ఆగును. ఉన్న ఊరిలో కూలి దొరుకుట వారికి వరము.

ఇక కంప్యూటరు బల్లయొద్దకు రండి. నేనొక ఇంటికి పరామర్శకు పోగా తల్లి వాకిటనే నోటిమీద వేలుంచి, “మెల్లగ మాట్లాడండి అయ్యగారూ, మా పిల్లోడు మీటింగులో ఉండాడు” అనెను. కుక్కర్ కూత వేయునని పొయ్యి ఆర్పివేసినది. చెల్లెలు పరీక్ష పుస్తకములతో మిద్దెమెట్లమీద కూర్చున్నది. ఆ గది మొన్నటివరకు ఆమెది. కుమారుడు మంచివాడు, అతని జీతమే ఇంటికి ఆధారము. కచేరిలోనైతే ఆ గదిని, నిశ్శబ్దమును సంస్థ తన ఖర్చుతో సమకూర్చవలసి యుండెను. ఇక్కడ ఆ ఖర్చు తల్లియు చెల్లెలును పెట్టుచున్నారు. కచేరికి పోవువాని వెనుకను వంటయిల్లు ఉన్నది, నిజమే. కాని అతడు గడప దాటిన తరువాత ఇల్లు ఇంటివారిది. అదే బల్లయొద్ద కోడలు కూర్చున్నయెడల నోటిమీద వేలుంచువారెందరు? ఆమె మీటింగు నడుమనే పాలు పొంగినవని పిలుపు వచ్చును.

లేచునప్పుడు ఆ పిల్లవానితో రెండు మాటలే చెప్పితిని. సాయంకాలము బల్ల ఏ వేళ మూయబడునో ఇంటివారందరికి చెప్పుమనియు, గది సంగతి చెల్లెలిని అడుగుమనియు. కొన్నాళ్లకు అతడు బల్లను వెనుకటి పంచలోనికి మార్చుకొనెనని వింటిని. మీటింగులో ఇప్పుడు కుక్కర్ కూత వినబడుచున్నదట. బెంగుళూరులోని అధికారి మొదట నవ్వి, పిమ్మట ఈ దినము పప్పా, కూరయా అని అడుగుచున్నాడట.