దాత పోయిన పిదప దానము

తిరుమలగిరి నుండి హజ్జునకు బోవు గృహస్థునకు మక్కాలో ఎన్నడును చూడని యొక ఆతిథేయుడు కలడు. అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా (1857-1869) కాలమున హైదరాబాదు సంస్థాన యాత్రికులకై అచ్చట రుబాతులనెడి సత్రము లేర్పడినవి. ఆ సంస్థానము 1948లో ఇండియను యూనియనులో కలిసెను. 1956లో మూడు రాష్ట్రములకు పంచబడెను. ప్రభువు లేడు, రాజ్యము లేదు. బస మాత్రము ఉన్నది. అర్హతయు పాత యెల్లలను బట్టియే. తెలంగాణమువారికి, ఔరంగాబాదు, గుల్బర్గావారికి కలదు, గుంటూరువారికి లేదు. గదులకంటె యాత్రికులు హెచ్చగుటచే చీట్లు వేసి ఎన్నుకొందురు.

లేని దేశము పేరిట చేసిన దానము ఎవరిది?

వక్ఫు అనగా ఆస్తిని దైవపరము చేసి, దాని ఫలమును దాత చెప్పిన పనికి వినియోగించుట. దాని నమ్మరాదు. ముతవల్లీ దానికి సంరక్షకుడేగాని యజమానుడు కాడు. దేవమాన్యములను, ధర్మకర్తల వ్యవహారములను ఎరిగిన మన పాఠకులకు ఇది క్రొత్త గాదు. ఆ మాన్యములకు పట్టిన దుర్గతులును క్రొత్త గావు.

చచ్చినవాని మాట బ్రదికినవారి నెంతవరకు కట్టవలెను? ఈ ప్రశ్నకు దేశమునకొక తీర్పు. తురుష్కదేశము 1924లో వక్ఫులను ప్రభుత్వ శాఖకు అప్పగించెను. ఈజిప్టు 1952లో వంశపారంపర్యముగా కుటుంబములకు చెందు వక్ఫులను రద్దు చేసెను. వారసులు పెరిగి భాగములు చిల్లరగా చీలుచుండగా భూమి బాగుచేయువాడు లేక పోవుట అందు కొక కారణము. ఇండొనీషియాలో 1912లో పుట్టిన ముహమ్మదియా సంఘమువారు సభ్యుల పూనికతో పాఠశాలలను, ఆసుపత్రులను నడపుచున్నారు. అచ్చట దాతలు సజీవులు గనుక లెక్క అడుగగలరు. చనిపోయిన దాత అడుగలేడు. ఆతని పక్షమున ఎవరో అడుగవలెను. మన వక్ఫు చట్టములన్నియు, 1954 మొదలు 2025 వరకు, ఆ అడుగువా రెవరను తగవే.

రుబాతు సంగతికి వత్తము. గుంటూరు యాత్రికునికి అన్యాయమైనదా? కాలేదని మా తలంపు. ఒకరికిచ్చిన మాట మరియొకరికి ద్రోహము కాదు. తన ప్రజల కన్నము పెట్టినవాడు ఇరుగువారిని పస్తుపెట్టినట్లు కాదు.

అయినను అక్షరమును మరీ బిగించి పట్టుట యేలాగు? తిరుమలగిరినే చూడుడు. సికింద్రాబాదు మూడవ నిజాము సికిందర్ జా పేరిట 1806లో వెలసినది. నేల నిజాముది, దండు ఇంగ్లీషువారిది. ఆ దండు వెంట చెన్నపట్టణపు సీమనుండి వచ్చి యిచ్చట నిలిచిన సిపాయీలు నిజాము ప్రజలని చెప్పుట కష్టము. వారి మునిమనుమడు నేడు చీటీ వేసిన, తాత ఎవరి జీతగాడని అడుగుట లేదు; నివాసమే చాలును. మక్కా మసీదు విస్తరణలో పాత కట్టడములును పోయినవి. రాయి మారినది, రాజు మారినాడు, ప్రజలును మారినారు. ఏ మార్పునకును దానము చెడలేదు.

కాబట్టి చీట్లలో ఓడినవాడొక్కడైన మిగిలియున్నంతవరకు పాతయెల్ల నిలువవలసినదే. వారందరకు చోటు దొరికి, ఒక గది ఖాళీగా పడియున్ననాడు గుంటూరువానిని వాకిట నిలుపుట మాత్రము దాత మాటను కాపాడుట కాదు. అది తాళమును కాపాడుట. అట్టి గది యున్నదో లేదో తెలియవలెనన్నచో, లెక్కల పుస్తకము యాత్రికులందరి యెదుట తెరచి యుండవలెను.