వేలితో తిప్పితే తిరగాలి

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. "తాతా, అన్నీ బిగించేసిన, ఆదివారం స్పిరిట్ పోసి వెలిగించనా?" అన్నావు. వద్దన్నాను. "సరే తాతా" అని పెట్టేశావు గానీ చిన్నబోయావని తెలిసింది. ఎందుకు వద్దన్నానో ఫోన్లో తేలే ముచ్చట కాదు కాబట్టి ఇలా కాగితం మీద పెడుతున్నా.

ముందు ఒక పని చెయ్యి. నీ చిన్న ఆవిరి ఇంజన్ బాయిలర్ విప్పి పక్కన పెట్టు. సిలిండర్లు కూడా తీసెయ్యి. కింద చక్రాల చట్రం ఒక్కటే చేతిలోకి తీసుకుని, ఒక చక్రాన్ని చూపుడు వేలితో మెల్లగా తిప్పు. కళ్ళు మూసుకుని తిప్పితే ఇంకా మంచిది. చుట్టు మొత్తంలో ఎక్కడైనా వేలికి బరువు తగిలిందా? తగిలితే ఆ బండి నిప్పుకు ఇంకా సిద్ధంగా లేదు.

అది ఎందుకు బరువవుతుందో చెప్తా విను. అత్త బర్మింగ్‌హామ్ నుంచి పంపిన నీ ఇంజన్‌కు రెండు సిలిండర్లు, నాలుగు చక్రాలు. కుడివైపు క్రాంకు పిన్ను అట్టడుగున ఉన్నప్పుడు ఎడమవైపు పిన్ను ముందుకో వెనక్కో ఉండాలి. అంటే రెంటికీ 90 డిగ్రీల తేడా. పిస్టన్ కొసకు చేరిన క్షణంలో ఎంత ఆవిరి పోసినా దానికి చక్రం తిప్పే బలం ఉండదు. అప్పుడు రెండోవైపు పిస్టన్ నడిమిట్ల ఉండి బండిని లాక్కుపోతుంది. పెద్ద వైపీ రైలు ఇంజన్‌కైనా, నీ చిన్న ఇంజన్‌కైనా సూత్రం ఒకటే. అయితే ముందు ఇరుసు, వెనక ఇరుసు రెండూ ఆ కోణంలో ఒకేలా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండు చక్రాలను కలిపే కడ్డీ ఒకచోట బిగుసుకుంటుంది, ఇంకాస్త తిరిగాక వదులవుతుంది. నీ వేలికి తగిలే బరువు అదే.

మేం ఫిట్టర్లం ఇలాంటి చోట ప్రష్యన్ బ్లూ రంగు రాసేవాళ్ళం. నీకు వైట్‌బోర్డు మార్కర్ చాలు. పిన్నుల చుట్టూ మార్కర్ రాసి, ఆరాక పది చుట్లు తిప్పి, కడ్డీ విప్పి చూడు. రంగు ఎక్కడ చెరిగిందో అక్కడే రాసుకుంటోంది. ముందు ఆ చక్రాన్ని ఇరుసు మీద రవ్వంత జరిపి కోణం సరిచెయ్యి. అప్పటికీ పట్టేస్తుంటే కడ్డీ బెజ్జంలో చెరిగినవైపు సన్నటి గుండ్రటి ఆకురాయితో రెండే రెండు సార్లు రాకు. తుడువు, బిగించు, తిప్పు. పట్టేస్తే మళ్ళీ ఆకురాయి పెట్టు. ఒక సాయంత్రమంతా దీనికే పోవచ్చు, పోనీ. ఎక్కువ రాకిన లోహం తిరిగి రాదు కనుక ఈ పనిలో నిదానం తప్ప వేరే దారి లేదు.

తర్వాత సిలిండర్లు. నీవి ఊగే సిలిండర్లు. ఊయలలా ఊగుతూ, తన బెజ్జాన్ని ఒకసారి ఆవిరి వచ్చే బెజ్జానికి, ఒకసారి వాడిన ఆవిరి పోయే బెజ్జానికి ఎదురుగా తెచ్చుకుంటుంది. వేరే వాల్వులేవీ లేవు. అందువల్ల సిలిండరు ముఖం, అది ఆనుకునే ఇత్తడి దిమ్మ ముఖం అద్దంలా చదునుగా ఉండాలి. అద్దం ముక్క మీద బాగా సన్నటి పాలిష్ పేపర్ పరిచి, చుక్క నూనె వేసి, సిలిండరు ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దు. ఒకే దిక్కుకు రుద్దితే ఒక అంచు అరిగిపోతుంది. ముఖమంతా ఒకే రకం మెరుపు వచ్చేదాకా ఆపకు. అన్నీ బిగించాక సన్న గొట్టం తగిలించి సైకిల్ పంపుతో సిలిండర్లకు గాలి పంపు. నాలుగు దెబ్బలకు టకటకమని తిరిగిందంటే ఆవిరికి కూడా తిరుగుతుంది. ఇది సిలిండర్ల వరకే సుమా. బాయిలర్‌లో మాత్రం గాలి కొట్టకు. నొక్కిన గాలి స్ప్రింగులాంటిది, అతుకు వీడితే ముక్కలు విసిరికొడుతుంది. బాయిలర్‌ను నిండా నీళ్ళు నింపి, చేతి పంపుతో నీళ్ళే నొక్కి పరీక్షించాలి. కొత్త బాయిలర్‌ను పని ఒత్తిడికి రెట్టింపు దాకా తీసుకెళ్ళి చూడటం ఈ చిన్న ఇంజన్లు కట్టేవాళ్ళ పద్ధతి. ఆ పరీక్ష నా ముందే జరగాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నీ వయసులో నేను తప్పు చేశాను. జుమేరాత్ బజార్లో సగం విప్పిన బొమ్మ ఇంజన్ ఒకటి దొరికింది. తగరపు టంకంతో అతికిన పాత బాయిలర్. ఒక్క పూటలో బిగించి వెలిగించాను. ఆవిరి వచ్చింది గానీ చక్రాలు కదల్లేదు. బిగుసుకుందని చేతికి తెలుస్తూనే ఉంది. అయినా మంట పెంచితే అదే కదులుతుందనుకున్నా. అది కదలకముందే లోపల నీళ్ళయిపోయాయి. కాసేపటికి బాయిలర్ అతుకు తెల్లగా కరిగి బొట్లు బొట్లుగా బల్ల మీద పడింది. అదృష్టం కొద్దీ అప్పటికి లోపల ఒత్తిడి లేదు. ఒత్తిడి ఉన్నప్పుడు వీడి ఉంటే నా ముఖం ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా భయమే.

నీళ్ళున్నంతసేపు రాగి రేకు నీళ్ళ వేడిని మించి పెద్దగా కాలదు. 40 పౌండ్ల ఒత్తిడి దగ్గర కూడా నీళ్ళు మరిగేది 141 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే. నీళ్ళు లేకపోతే వేడికి హద్దు ఉండదు. మామూలు తగరం, సీసం టంకం 180 దాటగానే మెత్తబడుతుంది. అందుకే మంచి బాయిలర్లకు వెండి టంకం వేస్తారు, అది కరగాలంటే 600 డిగ్రీలు దాటాలి. కంసాలి వెలిగారం అద్ది ఊదుగొట్టంతో నగ అతకడం చూశావు కదా, అదే విద్య. పెద్ద ఇంజన్లలో నిప్పుగూడు నెత్తిన సీసం నింపిన ప్లగ్గు ఉండేది. నీళ్ళు తగ్గితే ముందు అది కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకి డ్రైవర్ని హెచ్చరించేది. నీ ఇంజన్‌కు ఆ ప్లగ్గు లేదు కనుక ఆ కాపలా నువ్వే కాయాలి. స్పిరిట్ కొలిచి పొయ్యి. నీళ్ళకంటే ముందు నిప్పే అయిపోవాలి. పగటి వెలుగులో స్పిరిట్ మంట కంటికి ఆనదు. ఆరిందనుకుని వేడి బర్నర్‌లో మళ్ళీ పొయ్యడం మహా ప్రమాదం, చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే పొయ్యి. సేఫ్టీ వాల్వు స్ప్రింగును మాత్రం ఎవరు చెప్పినా బిగించకు.

మన ఇంటి బోరు నీళ్ళు కూడా వద్దు. అమ్మ నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర చూశావుగా, అదే బాయిలర్ లోపలా కడుతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో.

నీకు ఇంకో సంగతి చెప్పాలి, ఇది తెలిస్తే ఆ బండి మీద నీకు ప్రేమ పెరుగుతుంది. అత్త పంపిన పట్టాల మధ్య ఎడం 45 మిల్లీమీటర్లు. 22.5 వంతు కొలతలో చేసే ఇంజన్లకు అది దాదాపు మీటర్‌గేజీ. మన మలక్‌పేట స్టేషన్ మీదుగా పోయే లైను ఒకప్పుడు మీటర్‌గేజీయే. కాచిగూడ నుంచి మూసీ దాటి, మహబూబ్‌నగర్, కర్నూలు మీదుగా ద్రోణాచలం దాకా. 1990లలో బ్రాడ్‌గేజీ చేశారు, ఆ తర్వాత నుంచి ఎమ్ఎమ్‌టీఎస్ నడుస్తోంది, 2018 సెప్టెంబర్‌లో మెట్రో కూడా మలక్‌పేట మీదుగా ఎల్బీనగర్ దాకా వచ్చింది. నువ్వు పుట్టి పెరిగింది ఈ చప్పుళ్ళలో. నా చిన్నప్పుడు వైపీ ఇంజన్ వస్తే రైల్వే బ్రిడ్జి దగ్గర నిలబడ్డవాళ్ళ అరికాళ్ళకు ముందు తెలిసేది, చెవికి తర్వాత. ఆ బొగ్గు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నీ డాబా మీద ఆ గేజీ మళ్ళీ పరుచుకుంటుందంటే నాకెంత సంతోషమో రాయడం చేతకావడం లేదు.

ఎవరైనా బొమ్మలాట అంటే బాధపడకు. పట్టాల మీద పెద్ద ఇంజన్ రాకముందే బొమ్మ వచ్చింది. 1784 ప్రాంతంలో ఇంగ్లండులో విలియం మర్డాక్ మూడు చక్రాల చిన్న ఆవిరి బండి చేసి నడిపాడు, నీ ఇంజన్‌లాగే స్పిరిట్ దీపంతో. ట్రెవితిక్ ఇంజన్ పట్టాల మీద బరువు లాగింది 1804లో, అంటే ఇరవై ఏళ్ళ తర్వాత. పుణే వెళ్తే కొత్రుడ్‌లో భావు జోషి చిన్న రైళ్ళ మ్యూజియం చూసి రా. 1998లో తెరిచారు. ఒక మనిషి ఇష్టం ఎంతదాకా పోగలదో కళ్ళారా కనిపిస్తుంది.

మీ నాన్న మాటా కాదనను. నీ సెమిస్టర్ పరీక్షలు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ ముందు. వారానికి ఆదివారం ఒక పూట దీనికి చాలు. రాత్రి చదువు అయ్యాక నిద్రమత్తులో మాత్రం దీని జోలికి పోకు. ఆ వేళలోనే చిన్న స్క్రూలు పోతాయి, మరలు చెడిపోతాయి.

నీకు చేతకాని పని వస్తే, బెజ్జం పెద్దదై బుష్ వెయ్యాల్సి వస్తే, వనస్థలిపురం ఆటోనగర్ వెళ్ళు. లేత్ ముందు ఉన్న పెద్దాయనకు సలాం పెట్టి "ఉస్తాద్" అని పిలువు. ఫోన్లో వీడియో చూపించి ఇలా చెయ్యమనకు. ఇరుసు, కడ్డీ రెండూ ఆయన చేతిలో పెట్టి, ఏం కావాలో చెప్పి ఊరుకో. లారీ భాగాలు తిప్పే ఆ చేతులు నీ అగ్గిపుల్లంత ఇరుసును ఎంత సుతారంగా పట్టుకుంటాయో చూడు. నాకు తెలిసిన పనిలో సగం అలాంటి చేతుల పక్కన నిలబడి నేర్చుకున్నదే.

డాబా సంగతి మరిచాను. వాన నీళ్ళు పోవడానికి డాబాకు వాలు ఉంటుంది. పట్టాలు నేల మీదే పరిస్తే బండి ఒకవైపు పరుగెత్తి, రెండోవైపు ఎక్కలేక ఆగుతుంది. ఇంజన్‌లో తప్పుందనుకుని దాన్ని మళ్ళీ విప్పుతావు. పట్టాల కింద పలక ముక్కలు పెట్టి, సగం నిండిన నీళ్ళ సీసా పడుకోబెట్టి మట్టం చూసుకో.

ఈ ఆదివారం చట్రం ఒక్కటే పాత తువ్వాలులో చుట్టి పట్టుకురా. బాయిలర్ ఇంట్లోనే ఉంచు. పొద్దున్నే రా, వెలుగు బాగుంటుంది. వచ్చేటప్పుడు నీ సన్న ఆకురాయి తెచ్చుకో, నాదాని పళ్ళు అరిగిపోయాయి.

నీ తాత