హనుమంతుని వాక్కు

తనకు సహజముగా అబ్బిన ప్రజ్ఞను నలుగురియెదుట ప్రకటించుట గర్వమా? దాచుకొనుట వినయమా? ఈ సందేహము సజ్జనులను తరచుగా బాధించుచుండును. శ్రీమద్రామాయణమున హనుమంతుని వాక్కు నడచిన తీరును పరిశీలించినచో దీనికి సమాధానము దొరకును.

ఋష్యమూకప్రాంతమున భిక్షురూపముతో వచ్చి మాటలాడిన హనుమంతుని శ్రీరామచంద్రుడు లక్ష్మణునితో ఎంతయో శ్లాఘించెను. వేదత్రయము నెరుగనివాడు ఇట్లు పలుకజాలడనియు, ఇంతసేపు మాటలాడినను ఒక్క అపశబ్దమైనను దొర్లలేదనియు, కత్తి నెత్తిన శత్రువు మనస్సునైనను ఇట్టి వాక్కు ప్రసన్నము గావించుననియు కిష్కింధాకాండ 3వ సర్గలోని ఆ శ్లాఘకు సారము.

అట్టి మహనీయుడే సముద్రతీరమున ఒకమూల మౌనముగా కూర్చుండెను. నూరు యోజనముల సాగరమును లంఘించి తిరిగి రాగలవారెవరని వానరులు చింతాక్రాంతులై యుండగా తన బలము తనకే తోచక ఊరకుండెను. జాంబవంతుడు ప్రబోధింపకున్నచో ఆ మౌనమును లోకము వినయమనియే మెచ్చెడిదేమో! లంకలోని సీతమ్మకు మాత్రము దానివలన ఒరుగునదేమి?

ఇక సుందరకాండ. రావణుడు రెండు మాసములు గడువిడి పోయెను. జానకీదేవి తన జడతోనే ఉరి బిగించుకొని ప్రాణములు విడువ నెంచెను. శింశుపావృక్షమున దాగియున్న హనుమంతునకు 30వ సర్గలో కలిగిన ధర్మసంకటము మిక్కిలి సూక్ష్మమైనది. పలుకక మరలిపోయినచో ఆ తల్లి ప్రాణము నిలువదు. ద్విజునివలె సంస్కృతమున పలికినచో రావణుడే వచ్చెనని బెదరి కేకవేయును, రాక్షసస్త్రీలు మేల్కొందురు, స్వామికార్యము చెడును.

అప్పుడు హనుమంతుడు శ్రీరాముడంతటివాడు మెచ్చిన సంస్కృతమునే ప్రక్కనుంచెను. మానుషభాషలో పలుక నిశ్చయించెను. అది కోసలదేశ జనులు వాడుకొను భాషయని గోవిందరాజులవారి వ్యాఖ్యానము. ఎంత హృద్యమైన భావన! పుట్టినింటికి, మెట్టినింటికి దూరమై రాక్షసుల పరుషవాక్కులనే వినుచున్న ఇల్లాలికి అత్తవారి ఊరి మాట వినబడుట సామాన్యమా? శ్రోతలకు అందని సమాసములను గుప్పించి, వారు తెల్లబోవుటనే తమ విజయముగా భావించు ఉపన్యాసకులు ఈ సర్గను పారాయణము చేయుదురే గాని, ఇచట క్షణమాగి ఆలోచించుట అరుదు. నవవ్యాకరణవేత్తయని కీర్తి గన్నవాడు ఆ చెట్టుకొమ్మపై తన వ్యాకరణమును మరచిపోలేదు. అమ్మకు అప్పుడు కావలసినది అది కాదని గ్రహించెను, అంతే.

దశరథమహారాజు మొదలుకొని రామకథను మెల్లగా, మధురముగా, ఆమె చెవి సోకునట్లు చెప్పి విరమించెను. కురులు కప్పిన మోము నెత్తి, సీతమ్మ శింశుపవైపు చూచెను.