దోమను చంపడమా, పుట్టనివ్వకపోవడమా?



పొద్దుగూకాక వాకిట్లో మంచం వేసుకుంటే చాలు, దోమలు ముసురుకుంటాయి. కొట్టబోతే సందేహం వస్తుంది: "పంచశీల తీసుకున్నాం కదా, ప్రాణం తీయొచ్చా?" కొందరు మనల్ని ఎగతాళి చేయడానికీ ఇదే అడుగుతారు. అయినా ఇది ఆలోచించాల్సిన ప్రశ్నే.

ఒళ్లప్పగించి కుట్టించుకోమని బుద్ధుడు చెప్పలేదు. భిక్ఖువులు దోమతెర వాడుకోవచ్చని, దోమల్ని తోలే విసనకర్ర ఉంచుకోవచ్చని ఆయన అనుమతించినట్టు వినయ పిటకంలో ఉంది. చీవరం కట్టుకునేది చలి, ఎండల నుంచే కాదు, దోమల నుంచి, జోరీగల నుంచి కాపాడుకోవడానికి కూడా. ఒంటిని కాపాడుకోవడం శీలానికి అడ్డం కాదన్నమాట.

బాబాసాహెబ్ ఇంకా స్పష్టంగా చెప్పారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. పసిబిడ్డ మీద వాలిన దోమను కొట్టే తల్లిలో ద్వేషం లేదు. కానీ ఆ అవసరమే రాకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉన్నప్పుడు ఊరకుంటే, అది అహింస కాదు, బద్ధకం.

ధమ్మం ఎప్పుడూ కారణం వెతకమంటుంది. చెడుగాలి వల్ల మలేరియా వస్తుందని ఒకప్పుడు నమ్మేవారు. 1897లో మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. కారణం తెలిశాక మొక్కులతో పనేముంది?

డెంగ్యూ తెచ్చే దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి తొట్లు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లాలు కడిగి ఆరబెట్టండి. పాత టైర్లు, కొబ్బరిచిప్పలు వాకిట్లో ఉంచకండి. నీళ్ల డ్రమ్ములకు గుడ్డ కట్టండి. సాయంత్రం ఒంటినిండా బట్టలు వేసుకోండి. అరుగు మీద ఫ్యాను పెట్టుకున్నా మేలే, గాలికి దోమ నిలవలేదు. వేపాకు పొగ కొంత పనిచేస్తుంది గానీ, పసిపిల్లల దగ్గర వద్దు.

ఇంకో మాట. బోదకాలు తెచ్చే దోమ మురుగులో పెరుగుతుంది. ఎన్నో ఊళ్లలో ఆ మురుగు చివరికి వచ్చి నిలిచేది మన వాడ పక్కనే. అది కర్మ కాదు, కాలువ తవ్వినవాళ్ల నిర్ణయం. మనుషులు చేసిన నిర్ణయాన్ని మనుషులే మార్చాలి. గ్రామసభలో లేచి అడగండి, కాగితం మీద రాసివ్వండి, కాలువ పారేదాకా వదలకండి.

దోమ మీద పగ వద్దు. అది పుట్టే చోటు మీద ఎరుక ఉంచండి. కరుణ అంటే కళ్లు మూసుకుని కూర్చోవడం కాదు, దుఃఖానికి కారణాన్ని తీసేయడం.

నమో బుద్ధాయ!