రాజు పేరు తీసేయమన్నప్పుడు

ఆదివారం ఆరాధనలో పాలకుల కోసం ప్రార్థించే ప్రతిసారీ నాకు చార్లెస్ ఇంగ్లిస్ గుర్తొస్తాడు. 1776లో ఆయన న్యూయార్క్ ట్రినిటీ చర్చిలో సహాయ గురువు. ఊరు ఇంగ్లండు రాజు జార్జ్‌పై తిరగబడ్డ అమెరికా వలసల సేనాని వాషింగ్టన్ చేతిలో ఉంది. సేనాని ఆరాధనకు వస్తున్నాడు, రాజు కోసం చేసే ప్రార్థన వదిలేస్తే బాగుంటుందని ఓ అధికారి కబురంపాడు. ఇంగ్లిస్ వదల్లేదు. గుళ్లు మూయించడం మీ చేతిలో ఉంది గానీ గురువుల చేత ధర్మం తప్పించడం మీ వల్ల కాదని తర్వాత వాషింగ్టన్‌కే చెప్పాడు. జూలైలో స్వాతంత్ర్య ప్రకటన వెలువడ్డాక ఆ ప్రార్థన ప్రాణాల మీదికి తెచ్చే నేరమైంది. రాజు పేరు మింగేసి ఆరాధన నడపలేక ఇంగ్లిస్ గుడి మూసేశాడు.

గురు అభిషేకం నాడు ఇంగ్లిస్ రాజుకు విధేయుడిగా ఉంటానని ఒట్టు వేశాడు. నా అభిషేకం నాడు నేనూ మోకరించి మాట ఇచ్చినవాణ్ణే. తిరగబడ్డ వలస ప్రజల వాదంలో న్యాయం ఉందనే అనుకుంటాను. అయినా దేవుణ్ణి సాక్షిగా పిలిచి వేసిన ఒట్టు, రాజు తప్పు చేశాడని దానంతటదే చెల్లిపోతుందా? భీష్ముడు నలిగింది ఈ చిక్కులోనే. ఆయన్ని పూర్తిగా సమర్థించలేను, నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ఆయన సరైన జవాబు చెప్పలేకపోయాడు. ఒట్టు మనల్ని ఒక మనిషికి కట్టొచ్చు, ఆ మనిషి చేసే కీడులో చెయ్యి వేయమనదు. ఇంగ్లిస్ చేసింది ప్రార్థన. అక్కడివరకు నేను ఆయన వెంటే.

ఇంగ్లిస్ లాగే రాజుకు ఒట్టు వేసిన మరో గురువు శామ్యూల్ సీబరీ ఇంకా ముందుకెళ్లాడు. రాజు పక్షాన కరపత్రాలు రాశాడు, చెరలో పడ్డాడు, రాజు పటాలంలో చాప్లిన్‌గా పనిచేశాడు. 1783లో పారిస్ ఒప్పందంతో జార్జ్ రాజే అమెరికా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకున్నాడు. నా లెక్కలో ఒట్టు తెగింది అప్పుడే, ఎవరికి కట్టుబడ్డారో ఆయనే విడిచిపెట్టాక.

కనెక్టికట్ గురువులు సీబరీని బిషప్పుగా ఎన్నుకున్నారు. అభిషేకం కోసం ఇంగ్లండు వెళ్తే, ముందు రాజుకు విధేయత ప్రమాణం చేయాలంది అక్కడి చట్టం. కొత్త దేశపు బిషప్పు ఆ ప్రమాణం ఎలా చేస్తాడు? ఆయన స్కాట్లండు వెళ్లాడు. పాత రాజుకిచ్చిన మాట కోసం 1689లో కొత్త రాజుకు ప్రమాణం చేయక, ఉన్నదంతా పోగొట్టుకున్న బిషప్పుల వారసులు అక్కడున్నారు. 1784 నవంబరు 14న అబర్డీన్‌లో వాళ్లే ఆయన తలపై చేతులుంచారు.

ఇంగ్లిస్ 1787లో నోవా స్కోషియాకు తొలి బిషప్పయ్యాడు, రాజు కోసం ప్రార్థిస్తూనే ఉన్నాడు. సీబరీ మాత్రం 1785లోనే మిడిల్‌టౌన్‌లో తన గురువులను సమావేశపరిచి, ప్రార్థనల్లోంచి రాజు పేరు తీయించాడు. ఇద్దరిలో ఎవరూ మాట తప్పారని నేను అనను.