నిద్ర వస్తే దారి దిగండి!

 

మా మసీదు ఊరి చివర, రెండు వరుసల రహదారి పక్కన ఉంది. ఇషా వేళకు లారీలు పక్కకు ఆపుకొని, వుజూ చేసి జమాఅత్‌లో కలిసే డ్రైవర్లు మాకు కొత్తకాదు. ఒకరోజు విత్ర్ కూడా ముగిసి అందరూ వెళ్ళిపోయాక ఒకాయన వెనుక గోడకు ఆనుకొని అలాగే కూర్చుని ఉన్నాడు. వయసు నలభై దాటి ఉంటుంది. కాసేపటికి దగ్గరకు వచ్చి, "హజ్రత్! ఒక మస్అలా అడగాలి" అన్నాడు.

నాలుగు నెలల క్రితం ఆయన బియ్యం లోడుతో బయలుదేరాడు. ఆ రోజు క్లీనర్ రాలేదు. మధ్యాహ్నం నుంచి ఒక్కడే నడుపుతున్నాడు. తెల్లవారుజామున కన్ను మూతపడింది. తెరిచేసరికి ఒక సైకిల్, దాని వెనుక కట్టిన పాల క్యానులు, ఒక మనిషి లారీ కింద ఉన్నారు. ఆయన పారిపోలేదు. ఆ మనిషిని ఆసుపత్రికి చేర్చాడు. కాని ప్రాణం దక్కలేదు. కేసు నడుస్తోంది. "కోర్టు సంగతి కోర్టు చూసుకుంటుంది హజ్రత్! డబ్బు సంగతి ఇన్సూరెన్సు వాళ్ళు చూసుకుంటారు. అల్లాహ్ దగ్గర నా మీద ఏం మిగిలి ఉందో చెప్పండి."

మా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ఓదార్పుగా, "తఖ్దీర్ భాయీ! అతని ఆయుష్షు అంతే రాసి ఉంది" అన్నారు. డ్రైవర్ తలెత్తలేదు. "ఆయన ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది, నిజమే. కాని స్టీరింగ్ నా చేతిలోనే ఉంది కదా చాచా!" అన్నాడు.

ఆ మాట మా మనసులో నాటుకుపోయింది. ఈ నెల మన ప్రసంగానికి అదే ఆధారం.

విధిపై నమ్మకం, విధి పేరుతో సాకు

విధిరాతను నమ్మడం ఈమాన్‌లో భాగం. అది లేకుండా ఈమాన్ పూర్తికాదు. కాని విధిని నమ్మడం వేరు, చేసిన తప్పును విధి మీదకు నెట్టడం వేరు. ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టు, ఆ తరువాత భారం వెయ్యి అని దైవప్రవక్త (స) ఉపదేశించారు (తిర్మిజీ). సిరియా ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) దారి నుంచే వెనుదిరిగారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ ఒక నిర్ణయం నుంచి అల్లాహ్ మరో నిర్ణయం వైపుకే వెళ్తున్నామని ఆయన సమాధానమిచ్చారు (బుఖారి). మిమ్మల్ని మీరు చేజేతులా వినాశంలోకి నెట్టుకోవద్దని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది (అల్ బఖర: 195).

2025 నవంబరులో మక్కా నుంచి మదీనాకు రాత్రివేళ వెళ్తున్న బస్సు, డీజిల్ ట్యాంకర్ ఢీకొని 45 మంది ఉమ్రా యాత్రికులు మరణించారు. వారిలో అత్యధికులు మన హైదరాబాదు వారు. వారి కోసం ఏడవని ఇల్లు మనలో లేదు. అగ్నికి ఆహుతైన విశ్వాసిని షహీదుల్లో లెక్కించిన హదీసు మనకు ఊరటనిస్తుంది. అల్లాహ్ వారందరి షహాదత్‌ను స్వీకరించుగాక! అక్కడ తప్పెవరిదో చెప్పడం మన పని కాదు. కాని ఒక సూత్రం మాత్రం గుర్తుంచుకోవాలి. మరణించినవారికి దక్కే షహాదత్, నిర్లక్ష్యం చేసినవాడికి క్షమాపణ పత్రం కాదు. ఇద్దరి లెక్కలు వేర్వేరు.

ఇరుకు దారి, పెద్ద బండి, చీకటి

మన రెండు వరుసల రహదారుల్లో తారు వెడల్పు మామూలుగా ఏడు మీటర్లు. లారీ వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. రెండు లారీలు ఎదురుపడితే వాటి మధ్య సందుకూ, రెండు అంచులకూ కలిపి మిగిలేది రెండు మీటర్లు. ఆ రెండు మీటర్లలోనే సైకిల్ వెళ్ళాలి, టెయిల్ లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ వెళ్ళాలి, నల్ల దుప్పటి కప్పుకొన్న పాదచారి వెళ్ళాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. మూడు సెకన్లు కన్ను మూతపడితే 50 మీటర్లు ఆ బండిని నడిపేవాడు లేనట్టే. ఎదుటి బండి హెడ్ లైటు కళ్ళలో కొడితే ఆ తరువాత కొన్ని క్షణాలు అంతా నల్లగానే ఉంటుంది. లోడు ఉన్న లారీ బ్రేకు వేయగానే ఉన్నచోట ఆగదు.

2025 నవంబరు 3న రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఎదురెదురుగా ఢీకొన్నాయి. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. 19 మంది చనిపోయారు. విస్తరణ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రెండు వరుసల దారి అది. ఆ ఘోరం రాత్రిపూట కాదు, తెల్లవారాక జరిగింది. వెలుగులోనే ఇంత ప్రమాదముంటే అర్ధరాత్రి సంగతి వేరే చెప్పాలా?

దారి వెడల్పు చేయడం ప్రభుత్వం పని, అడగడం మన హక్కు. అది పూర్తయ్యేదాకా ఇరుకు దారిలో ఎలా నడవాలన్నది మాత్రం మన బాధ్యత.

దైవప్రవక్త (స) దారి దిగారు

ఈ విషయంలో దైవప్రవక్త (స) జీవితంలో ఏదైనా ఆదర్శం ఉందా? ఉంది. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ ఖతాదా (రజి) చెప్పిన ఉల్లేఖనం చదవండి. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స), సహచరులు రాత్రంతా నడుస్తున్నారు. అర్ధరాత్రికి ప్రవక్త (స)కు కునుకు పట్టి స్వారీ మీద ఒక పక్కకు ఒరిగారు. పక్కనే ఉన్న అబూ ఖతాదా (రజి) ఆయన్ను నిద్ర లేపకుండా చేతితో ఆనుకొని నిలబెట్టారు. కొంత దూరం పోయాక మళ్ళీ అలాగే జరిగింది. రాత్రి చివరి ఘడియల్లో మూడోసారి ప్రవక్త (స) పడిపోయేంతగా ఒరిగారు. అబూ ఖతాదా (రజి) మళ్ళీ ఆపారు. ప్రవక్త (స) తలెత్తి, ఎప్పటి నుంచి ఇలా నాతో వస్తున్నావని అడిగారు. రాత్రంతా అని విని, ప్రవక్తను కాపాడినందుకు అల్లాహ్ నిన్ను కాపాడుగాక అని ఆయన్ను దీవించారు.

ఆ తరువాత ఏం చేశారు? ఇంకొంచెం దూరమే కదా అని ముందుకు పోలేదు. దారి నుంచి పక్కకు తొలగి తల వాల్చారు. నమాజు వేళ చూడమని సహచరులకు చెప్పారు. అందరికీ నిద్ర పట్టి ఎండ వీపుకు తగిలాకే మెలకువ వచ్చింది. అప్పుడు నమాజు చేశారు.

సోదరులారా! ఒంటెకు దారి తెలుసు. గుంత వస్తే అది తనంతట తానే తప్పుకుంటుంది. అలాంటి స్వారీ మీద ఉన్న ప్రవక్త (స) కునుకు రాగానే దిగి పడుకున్నారు. ముప్ఫై టన్నుల ఇనుము మీద కూర్చున్న మనం, కళ్ళకు నీళ్ళు కొట్టుకొని, ఇంకో టీ తాగి, ఇంకో గుట్కా నమిలి ముందుకు పోతున్నాం!

నమాజులో కునుకు వచ్చినా, నిద్ర మత్తు పోయేదాకా పడుకోమని, లేకపోతే క్షమాభిక్ష కోరబోయి తనను తానే శపించుకోవచ్చని ప్రవక్త (స) తెలిపారు (బుఖారి, ముస్లిం). అల్లాహ్ ముందు నిలబడినవాడికే ఈ ఆదేశం ఉంటే, స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి వేరే ఆదేశం కావాలా?

ప్రయాణంలో రాత్రి మజిలీ చేసేటప్పుడు దారి మీద కాకుండా పక్కకు తొలగి ఆగమని కూడా ఆయన ఆదేశించారు (ముస్లిం). తారు మీదే లారీ ఆపి, లైట్లు ఆర్పి, కింద చాప పరుచుకొని పడుకునేవారు ఈ హదీసును చెవిన వేసుకోవాలి. ఒంటరితనంలో ఉన్న ప్రమాదం గురించి తనకు తెలిసినంత జనానికి తెలిస్తే, ఎవరూ రాత్రివేళ ఒంటరిగా ప్రయాణించరని మరో హదీసులో ఉంది (బుఖారి). లారీలో క్లీనర్ ఉండాల్సింది టైరులో గాలి చూడటానికి మాత్రమే కాదు. ఒరిగిపోతున్నవాడిని ఆపే అబూ ఖతాదా (రజి) స్థానం అతనిది.

ఫిఖ్హ్ గ్రంథాల్లో ఈ డ్రైవర్ ఉన్నాడు

ఆ రాత్రి ఆ సోదరునికి మేమిచ్చిన సమాధానం ఇక్కడ క్లుప్తంగా చెబుతాం.

పొరపాటున జరిగిన హత్యలను గురించి మన ఫుఖహాలు రాస్తూ, నిద్రలో ఒకడు దొర్లి పక్కవాడి మీద పడగా అతడు చనిపోతే ఏమిటని చర్చించారు. నిద్రలో ఉన్నవాడికి ఉద్దేశం లేదు. అయినా దాన్ని పొరపాటు హత్య కోవలోనే చేర్చారు. మృతుని వారసులకు దియత్, అంటే నష్టపరిహారం, ఇవ్వాలి. అల్లాహ్ హక్కుగా కఫ్ఫారా చెల్లించాలి. స్టీరింగ్ ముందు నిద్రపోయినవాడిది దాదాపు ఇదే స్థితి.

సూరె నిసా 92వ ఆయతు ప్రకారం ఆ కఫ్ఫారా ఒక బానిసను విడుదల చేయడం. అది సాధ్యం కానివారు రెండు నెలలు వరుసగా, మధ్యలో మానకుండా రోజాలు పాటించాలి. ఈ రోజుల్లో మిగిలింది రోజాలే. పేదలకు భోజనం పెట్టి సరిపెట్టుకొమ్మని ఆ ఆయతులో లేదు.

ఇది విని పక్కనున్న పెద్దాయన, "చనిపోయినవాడు మన మతంవాడు కాదు కదా! అయినా రోజాలు ఉండాలా?" అని అడిగారు. చాలామంది మనసుల్లో ఉండి బయటికి రాని ప్రశ్న ఇది. జవాబు అదే ఆయతులో ఉంది. మీకూ వారికీ మధ్య ఒడంబడిక ఉన్న జనానికి చెందినవాడు చనిపోయినా, అతని కుటుంబానికి పరిహారమూ ఇవ్వాలి, కఫ్ఫారా కూడా చెల్లించాలి. ఒకే రాజ్యాంగం కింద, ఒకే ఊళ్ళో, పక్కపక్క ఇళ్ళలో బతుకుతున్న మనకు ఇంతకన్నా పెద్ద ఒడంబడిక ఏముంటుంది? ఆ పాలవాని పిల్లల కన్నీటికి అల్లాహ్ సన్నిధిలో మతం అడగరు.

దారిలో ఆపిన బండి గురించి కూడా గ్రంథాల్లో ఉంది. మదరసాలలో మేము చదివిన 'హిదాయా'లో ఒక మస్అలా ఉంది. నడుస్తున్న పశువు వెనుక కాలితో తన్నితే స్వారీ చేసేవాడిపై బాధ్యత లేదు. ఎందుకంటే దాన్ని నివారించడం అతని వల్ల కాదు. కాని అతను దాన్ని దారిలో నిలబెడితే ఆ తన్నుకు కూడా అతనే బాధ్యుడు. ఎందుకంటే దారి నడవడానికే గాని నిలబెట్టడానికి కాదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఆ వాక్యం వెనుక లైటు లేకుండా దారిలో ఆపిన ఈనాటి లారీకి అచ్చంగా సరిపోతుంది. అయితే ఇలా ఆపిన బండికి తగిలి ఎవరైనా చనిపోతే కఫ్ఫారా ఉందా లేదా అన్న విషయంలో ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. కనుక ఎవరికివారు తీర్పు చెప్పుకోకుండా, జరిగింది జరిగినట్టు ముఫ్తీ గారికి వివరించి అడగాలి.

లారీ యజమానులకు ఒక మాట

స్టీరింగ్ డ్రైవర్ చేతిలో ఉన్నా, ఫోను యజమాని చేతిలో ఉంటుంది. "తెల్లారేసరికి లోడు దిగాలి, లేకపోతే కిరాయిలో కోత" అని ఆ ఫోనులో చెప్పేవారు కూడా ఈ లెక్కలో భాగస్వాములే. కింద పనిచేసేవారు మీ సోదరులని, వారి శక్తికి మించిన భారం మోపవద్దని, మోపితే వారికి సాయపడాలని దైవప్రవక్త (స) ఆదేశించారు (బుఖారి). మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటల పని, 5 గంటలకు ఒకసారి కనీసం అరగంట విశ్రాంతి అని హద్దు పెట్టింది. ఆ హద్దును ఎందరు పాటించారో డ్రైవర్ల కళ్ళే చెబుతాయి. ఒంటరిగా పంపి క్లీనర్ జీతం మిగుల్చుకున్న యజమాని, ఆ మిగులులో ఎవరి ప్రాణం ఉందో ఆలోచించాలి.

ఇంట్లో ఉన్న తల్లులూ, అక్కచెల్లెళ్ళూ! "ఎప్పుడొస్తావు? పిల్లలు ఎదురు చూస్తున్నారు" అని అర్ధరాత్రి ఫోను చేయడం ప్రేమే. కాని "నిద్ర వస్తే ఆపి పడుకో, రేపు వచ్చినా ఫరవాలేదు" అనడం అంతకన్నా పెద్ద ప్రేమ.

దారిలో వదిలిన రాయి

బండి చెడిపోతే చుట్టూ రాళ్ళు, చెట్టు కొమ్మలు పెడతాం. మంచిదే. బాగయ్యాక బండి పోతుంది, రాళ్ళు అక్కడే ఉంటాయి. ఆ రాత్రి మోటారు సైకిల్ మీద వచ్చే ఏ తండ్రికో అవే మృత్యువవుతాయి. దారిలోంచి బాధ కలిగించే వస్తువును తీసివేయడం ఈమాన్ శాఖల్లో ఒకటని మన పిల్లలకు కూడా తెలుసు. మరి మనమే పెట్టిన రాయిని మనమే వదిలి పోవడం ఏ శాఖ? రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్న ఆరబోసి రాత్రికి రాళ్ళు అడ్డుపెట్టి వెళ్ళే రైతు సోదరులకూ ఇదే విన్నపం. ట్రాక్టర్ ట్రాలీ వెనుక ఎర్రగా మెరిసే స్టిక్కర్ అంటించడానికి పెద్ద ఖర్చు కాదు. ఎదురుగా బండి వస్తే లైటు డిమ్ చేయడానికి ఒక్క వేలు చాలు. ఎదుటివాడి కళ్ళకు చీకటి కమ్మకుండా చూడటం కూడా దారి హక్కే.

ప్రమాదం జరిగితే పారిపోవద్దు. 108కి ఫోను చేయండి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు తెలపడం మోటారు వాహనాల చట్టం ప్రకారం కూడా డ్రైవర్ విధి. జనం మీద పడతారన్న భయం ఉంటే నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళండి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్టేనన్న ఖుర్ఆన్ బోధ (అల్ మాయిద: 32) ఆ క్షణంలోనే పరీక్షకు వస్తుంది.

చివరిగా

ఆ డ్రైవర్ చలికాలంలో రోజాలు మొదలుపెట్టాడు. ఆ రెండు నెలలు రాత్రి ట్రిప్పులు మానుకొని ఊళ్ళోనే కూలి పని చేశాడు. ఒక శుక్రవారం మృతుని ఇంటికి వెళ్ళి వారి ముందు నిలబడ్డాడు. ఆ ఇంటావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. చివరికి, "నువ్వయినా వచ్చావు నాయనా" అన్నదట. అది క్షమాపణో కాదో ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. అరవై రోజాలు పూర్తయిన సాయంత్రం మా మసీదులోనే ఇఫ్తార్ చేశాడు. ఖర్జూరం చేతిలో పట్టుకొని చాలాసేపు దుఆ చేశాడు.

ఇప్పుడు మళ్ళీ లారీ నడుపుతున్నాడు. క్లీనర్ లేకుండా బయలుదేరడం లేదు. నిద్ర వస్తే దారి దిగి ఆపుతున్నాడు.

ఓ అల్లాహ్! దారిలో ఉన్నవారిని క్షేమంగా ఇళ్ళకు చేర్చు. దారిలో ప్రాణాలు విడిచిన విశ్వాసులను నీ కారుణ్యంతో కప్పు. ఆప్తులను పోగొట్టుకున్నవారందరికీ సహనాన్ని, ఆసరాను ప్రసాదించు. మా చేతుల్లో ఉన్నది అమానతు అన్న స్పృహను మాకు ప్రసాదించు. మా నిర్లక్ష్యం వల్ల ఏ ఇంట్లోనూ దీపం ఆరకుండా కాపాడు. ఆమీన్.