చిన్నవారి మనోవేదన – పెద్దల చూపు



మిరపతోటలో ఆకు ముడుచుకొనసాగినచో మన రైతు ఊరకుండడు. ఆకు తిరుగవేసి చూచును, నలుగురిని అడుగును, అప్పు చేసియైనను మందు తెచ్చును. ప్రత్తిలో గులాబిరంగు పురుగు ఇంకను మోసకరమైనది. కాయ పైకి నిండుగా కనబడును. లోపల పురుగు తినుచుండును. కావున అనుభవముగల రైతు కాయను చీల్చి చూచును.

మన యింటి బిడ్డను ఇంత శ్రద్ధగా చూచుచున్నామా?

బడికి పోనని మొండికెత్తువానిని పొగరుబోతు అందుము. రాత్రి ఉలికిపడి లేచు పిల్లకు దిష్టి తగిలినదందుము. మాటలాడక మూలన కూర్చుండు పిల్లనైతే బుద్ధిమంతురాలని మెచ్చుకొందుము. చెప్పిన పని చేయును, ఎదురాడదు. కావున ఆమెకేమియు కొదువ లేదనుకొందుము. పెద్దలకు ఇబ్బంది కలిగినప్పుడే బిడ్డకు అక్కర కలిగినదని యెంచుట న్యాయమా?

పెద్దవానికి జబ్బు చేసిన తానే డాక్టరు నొద్దకు పోగలడు. బిడ్డ పోలేడు, తన వేదనకు పేరు పెట్టుటయు వానికి తెలియదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అందరికిని చికిత్స పొందు హక్కు నిచ్చినది. రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. అయితే మైనరు బిడ్డ పక్షమున నిలుచు బాధ్యతను సాధారణముగా తలిదండ్రులయందే యుంచినది. వారు చూడనియెడల ఆ హక్కు కాగితము మీదనే మిగులును.

మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయమును చదువుడి. బాధపడు కుమారుని తండ్రి తీసికొనివచ్చెను. శిష్యులవలన కాకపోయినను అతడు వెనుదిరుగలేదు. ప్రభువు సమస్తము నెరిగినవాడు. అయినను ఆ బాధ ఎప్పటినుండి యున్నదో తండ్రినే అడిగెను. బిడ్డను దినదినము చూచినవాని మాటకు ఆయన అంత విలువ నిచ్చెను. ఆ తండ్రి విశ్వాసము సంపూర్ణము కాదు. దానిని అతడే ఒప్పుకొనెను. అయినను జనులకు సిగ్గుపడి బిడ్డను దాచలేదు.

ప్రార్థన యుండగా డాక్టరెందుకని కొందరందురు. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరమ్మ ప్రార్థనను మందును వేరుచేయలేదు. ఆమె స్థాపించిన ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది. జ్వరమునకు మందు మ్రింగుట అవిశ్వాసము కానప్పుడు, మనస్సునకు చికిత్స చేయించుట అవిశ్వాసమెట్లగును?

సంగతి బయటపడిన రేపు పెండ్లి ఎట్లగునని తల్లి భయపడును. ఒకనాటి కూలి పోవునని, బస్సు చార్జీ లేదని తండ్రి వెనుదీయును. ఈ భయములు వట్టివి కావు. అందుచేతనే సంఘము వారి ప్రక్కన నిలువవలెను. చార్జీ నిచ్చి, సంఘపెద్ద ఒకరు వెంటపోవలెను. విన్న సంగతిని బావియొద్ద చెప్పుకొనరాదు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరునకు రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు బిడ్డ ప్రక్కన కూర్చుండుడి. లోపల ఏమి యున్నదో మెల్లగా అడుగుడి. జవాబు రాకున్నను కోపపడక, రేపు మరల అడుగుడి. చిన్నవారిని తన యొద్దకు చేర్చుకొనిన ప్రభువు మనకు చూచు కన్నులను, వినుటకు ఓర్పును దయచేయును గాక. ఆమేన్.